పిరికి తిప్పక్క దీపం

మీ తాతకు తాత ఉన్నాడే, ఆయనకు ఇంకా పాలపళ్ళు ఊడని కాలం. ఊరికీ ఊరికీ మధ్య బండిబాట కూడా సరిగా లేని కాలం. వాన ఈ సీమకు చుట్టపుచూపుగా వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే వెళ్ళిపోయే కాలం. అప్పటి మాట ఇది. నేను చూడలేదు. నాకు చెప్పిన మా అవ్వ చూడలేదు. మా అవ్వకు చెప్పిన అవ్వ కూడా చూడలేదు. అయినా జరిగింది. కూర్చోండి, చెప్తాను.

కాకులదిన్నె అని ఒక ఊరు. ఆ ఊళ్ళో తిప్పక్క అని ఒక ముసలామె. ఊరంతా ఆమెను పిరికి తిప్పక్క అనేవాళ్ళు.

ఆమెకు ఉరుమంటే భయం. కుక్కంటే భయం. కొమ్ములు తిరిగిన పొట్టేలంటే భయం. అన్నిటికంటే చీకటంటే భయం. నడిమధ్యాహ్నం, బయట ఎండ మాడిపోతున్నా సరే, కిటికీ లేని కొట్టంలోకి వెళ్ళాలంటే చేతిలో ఆముదపు దీపం ఉండాల్సిందే. ఊళ్ళో పిల్లలు దాన్ని పాటగా కట్టుకున్నారు. ఆమె వీధిలో కనిపిస్తే చాలు, చప్పట్లు కొడుతూ వెంటపడేవాళ్ళు.

తిప్పక్క భయపడింది. భయపడి దీపం పెట్టుకుంది.

ఆమె ఏమీ అనేది కాదు. పిల్లలంటే కూడా కొంచెం భయమే.

కానీ ఆమెకు ఆ పేరు దీపం వల్ల రాలేదు. పాతర వల్ల వచ్చింది. పాతర అంటే ఏమిటో మీకు తెలియదు కదూ? ఇళ్ళల్లో బస్తాలు, డబ్బాలు లేని రోజులవి. ఊరి గింజంతా నేల కింద దాచేవాళ్ళు. ముగ్గురు మనుషుల లోతు గొయ్యి తవ్వి, లోపల కడుపు పెద్దగా, పైన మూతి చిన్నగా, కుండ ఆకారంలో చెక్కేవాళ్ళు. గోడలకు జొన్నసొప్ప పరిచి, జొన్నలు పోసి, మూతి మీద బండ పెట్టి, బండ చుట్టూ మట్టీ పేడా మెత్తేవాళ్ళు. లోపలికి దిగడానికి గోడలో కాలు పట్టేటంత గుంతలుండేవి. ఎలుక రాదు, దొంగ రాడు, వాన నీళ్ళు రావు. ఏళ్ళ తరబడి గింజ చెడదు.

పాతరకు మూడు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, లోపలికి నిప్పు తీసుకుపోకూడదు, గింజను కాచే గింజతల్లి ఉలిక్కిపడుతుంది. రెండు, బండ తీశాక తెరిచి ఉంచకూడదు, గింజతల్లి లేచి వెళ్ళిపోతుంది. తీసిన వెంటనే దిగాలి, వెంటనే తోడాలి, వెంటనే మూయాలి. మూడు, అప్పుడప్పుడూ పాతర ఒక మనిషిని అట్టిపెట్టుకుంటుంది. దాన్ని పాతర పాలు, అంటే పాతర వంతు, అనేవాళ్ళు. ఎందుకని అడగకూడదు.

తిప్పక్కకు ఇరవయ్యేళ్ళప్పుడు పాతర తెరిచారు. ఆమె మొగుడు హనుమప్ప దిగాడు. పైనుంచి పేరు పెట్టి పిలవడం వాడుక. పిలిచారు. "ఆఁ" అన్నాడు. మళ్ళీ పిలిచారు. ఏదో మూలిగినట్టు వినబడింది. మూడోసారి పిలిచారు. ఏమీ లేదు. అన్నకు ఏమైందోనని తమ్ముడు దిగాడు. పిలిచారు, ఏమీ లేదు. కొడుకులిద్దరికీ ఏమైందోనని తండ్రి దిగాడు. ఏమీ లేదు. పాతర నోరు తెరుచుకుని అలాగే ఉంది.

అప్పుడు ఊరంతా తిప్పక్క వైపు చూసింది.

ఆమె అంచు దగ్గరికి వచ్చింది. మొదటి గుంతలో కాలు పెట్టింది. లోపలి నుంచి పులిసిన వాసన వేడిగా మొహానికి తగిలింది. కాలు వెనక్కి తీసుకుని, అక్కడే నేల మీద కూలబడింది. ఎవరు ఏమన్నా లేవలేదు. కొక్కేలు కట్టిన మోకుతో ముగ్గురినీ పైకి లాగేటప్పటికి పొద్దు వాలింది. ముగ్గురిలోనూ ప్రాణం లేదు.

మొగుడి కోసం దిగని ఆడది అన్నారు. పిరికిది అన్నారు. అప్పటికి ఆమె కడుపులో నాలుగు నెలల బిడ్డ ఉంది. దిగి ఉంటే ఆ బిడ్డా పోయేది. ఆ మాట మాత్రం ఊళ్ళో ఒక్కరి నోటా రాలేదు. అంతమంది పెద్దలున్న ఊళ్ళో ఒక్కరికీ తోచలేదంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ పేరుతోనే ఆమె బతికింది. కూతురు పుట్టింది, పెరిగింది, పెళ్ళాడింది. కూతురికి ఒక కూతురు పుట్టింది. దాని పేరు సుంకి. తిప్పక్కకు ఎంత భయమో సుంకికి అంత ధైర్యం. పొట్టేలు కొమ్ములు పట్టుకుని ఊగేది. తేలు కనబడితే తోక పట్టి ఎత్తేది. "ఇది ఎవరి కడుపున పుట్టిందో" అని తిప్పక్క తల పట్టుకునేది.

ఇలా ఉండగా ఒక వానాకాలం ఒక సంగతి జరిగింది. తిప్పక్క ఇంట్లో మట్టి గుమ్మి ఒకటి ఉండేది, మనిషి ఎత్తు గింజల గుమ్మి. అడుగున కాసిని తడి జొన్నలు ఉండిపోయాయని తెలియక, మూత పెట్టి మెత్తేసింది. రెండు నెలల తర్వాత తెరిచినప్పుడు చీకట్లో చెయ్యి పెట్టాలంటే భయమేసింది. తిప్పక్క భయపడింది. భయపడి దీపం పెట్టుకుంది. దీపాన్ని తాడుతో లోపలికి దింపింది. సగం దూరం పోయి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి దింపింది, మళ్ళీ ఆరింది. మూడోసారీ అంతే. గాలి లేదు, ఉఫ్ అని ఊదినవాళ్ళు లేరు. పులిసిన వాసన మటుకు వచ్చింది. ఆ వాసన ఆమె మరిచిపోగలదా? గుమ్మిని తెరిచిపెట్టి బయటికి పరుగెత్తింది. మరుసటి రోజు వచ్చి దింపితే దీపం అడుగు దాకా పోయి హాయిగా వెలిగింది.

ఆమె వెళ్ళి ఊళ్ళో చెప్పింది. అందరూ పగలబడి నవ్వారు. పెద్దకాపు వన్నూరప్ప అయితే పంచె కొంగుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"తిప్పక్కా, నీ పిరికితనం దీపానికి గూడా అంటుకునిందే!"

ఆమె ఇంకెవరికీ చెప్పలేదు.

తర్వాత కరువొచ్చింది. మొదటి ఏడు ముంగారు వాన, అదే తొలకరి, రాలేదు. రెండో ఏడు వచ్చింది, కానీ దుమ్ము అణగడానికి కూడా చాలలేదు. మూడో ఏడు మబ్బు కూడా పట్టలేదు. రేగడి నేల కాలు ఇరుక్కునేంత నెర్రెలు విచ్చింది. బావి అడుగున కప్పలు ఎండిపోయాయి. చెట్టూ చేమా మాడిపోగా ఊళ్ళో పచ్చగా మిగిలింది ఒక్క వేప. జనం చింతగింజలు ఉడకేసుకు తిన్నారు. బలుసాకు తిన్నారు. జెముడు పండ్లు తిని నోళ్ళు ఎర్రబడి తిరిగారు. చివరికి వయసులో ఉన్నవాళ్ళంతా మిగిలిన ఎద్దుల్ని తోలుకుని గడ్డి కోసం నల్లమల దిక్కు వెళ్ళిపోయారు. సుంకి అమ్మానాన్నలు కూడా వెళ్ళారు. ఊళ్ళో ముసలివాళ్ళు, బాలింతలు, పిల్లలు మిగిలారు. పొయ్యి వెలిగిన ఇల్లు వేలు పెట్టి చూపించే కాలం అది.

ఇంత జరిగినా పాతర తెరవలేదు. అందులో ఉన్నవి విత్తనాలు. మూడేళ్ళ కిందట సగం తోడుకుని, మిగతా సగం విత్తనానికని మూసేశారు. పిల్లలు ఏడుస్తుంటే తల్లులు ఆ బండ వైపు చూసేవాళ్ళు. చూసి మొహం తిప్పుకునేవాళ్ళు. అది తింటే ఇంక ఊరు లేదు.

నాలుగో ఏడు ముంగారులో, అందరూ ఎదురుచూడటం మానేసిన ఒక సాయంత్రం, వాన పడింది. ముఖం మీద పడిన చినుకును నాలుకతో నాకినవాళ్ళు ఉన్నారు. తెల్లారేసరికి నేలలో జానెడు లోతున పదును దిగింది, విత్తనం మొలవడానికి చాలినంత తడి. ఎద్దులు లేకపోయినా ఫరవాలేదు, విత్తే గొర్రును మనుషులే లాగుతారు. కానీ ఆ ఎండల్లో పదును మూడు రోజులకు మించి నిలవదు. ఆ మూడు రోజుల్లో విత్తనం పడాలి.

వన్నూరప్ప ఊరిని పిలిచాడు.

"పాతర తెరుద్దాం. ఎవరు దిగేది?"

మోకు పాతబడి పోగులు లేచింది. లాగే చేతుల్లో బలం లేదు. బరువైన మనిషిని దింపితే పైకి తీయలేరు. తేలికగా ఉండాలి, భయం ఉండకూడదు. వన్నూరప్ప చూపు తిరిగి తిరిగి ఒక చోట ఆగింది.

"నేను దిగుతా తాతా" అంది సుంకి. దానికి పదేళ్ళు. కరువులో ఎండి పుల్లలా ఉంది.

తిప్పక్క చేతిలోని చెంబు కింద పడింది.

ఆమె ఇంట్లోకి వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో చెప్పక్కర్లేదు కదా? తిప్పక్క భయపడింది. భయపడి దీపం పెట్టుకుంది. ఇంట్లో చివరి చుక్క ఆముదం ప్రమిదలో పోసింది. వాసానికి వేలాడుతున్న ఉట్టిని కోసి తెచ్చింది. ఉట్టిలో దీపం పెట్టి, ఉట్టికి తాడు కట్టి, కుంపట్లో రెండు నిప్పులు వేసుకుని పాతర దగ్గరికి వచ్చింది.

అప్పటికే బండ పక్కకు జరిపారు. నేలలో నల్లటి బెజ్జం. సుంకి నడుముకు మోకు కడుతున్నారు.

"ఏందే తిప్పక్కా అది?" అన్నాడు వన్నూరప్ప.

"దీపం, పెద్దన్నా."

"కండ్లు లేవా నాకు? గింజతల్లికి నిప్పు సూపగూడదని తెల్దా నీకు?"

"తెలుసు పెద్దన్నా. భయమయితాంది. అందుకే తెచ్చినా."

"నీకెప్పుడు భయంగాల్యా? జరుగు పక్కకు. పాతర తెరిచిపెట్టుకొని యాడాది కూసుంటామా?"

ఆమె జరగలేదు. గట్టిగా మాట్లాడటం ఆమెకు చేతకాదు. అయినా ఉట్టిని అంచు మీదికి తెచ్చి దింపేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు చెంపలు వేసుకున్నారు.

దీపం ఒక మనిషి లోతు పోయింది. ఎర్రబడింది. చిన్నదైంది. ఆరిపోయింది.

"గాల్లే" అన్నారెవరో.

"గాలి యాడుంది నాయనా" అంది తిప్పక్క. పక్కనున్న వేపచెట్టులో ఆకు కదలడం లేదు. ఆమె దీపం పైకి లాగి, నిప్పు ముట్టించి, మళ్ళీ దింపింది. అక్కడికే పోయి మళ్ళీ ఆరింది. పులిసిన వాసన సన్నగా పైకి వచ్చింది.

తిప్పక్క అంచు దగ్గరే కూర్చుండిపోయింది.

"సూసినావా, తల్లికి కోపమొచ్చింది" అన్నాడు వన్నూరప్ప. "సుంకీ, దిగు మే."

సుంకి అప్పటికే రెండు గుంతలు దిగింది. నవ్వుతూనే దిగింది. తిప్పక్క చెయ్యి చాచి, ఏది దొరికితే అది పట్టుకుంది. దొరికింది జుట్టు. జుట్టు పట్టి గుంజి, కెవ్వుమంటున్న పిల్లను పైకి ఈడ్చి, దాని మీద పడి రెండు చేతులతో వాటేసుకుంది.

వన్నూరప్ప కోడలు మల్లక్కకు ఓపిక పోయింది. ఆమె చంకలో చంటిపిల్లాడు ఏడవడానికి కూడా సత్తువ లేక వాలిపోయి ఉన్నాడు.

"పెద్దమ్మా, నా బిడ్డ సచ్చిపోతాండాడు. పదునారిపోతే ఈ ఊర్లో ఏ బిడ్డా బతకదు. నీ మొగుణ్ణి పోగొట్టుకుంటివి నీ భయంతో. ఇంగ మమ్మల్నందర్నీ పోగొడ్తావా?"

నలభై ఏళ్ళుగా వెనక అంటున్న మాట. ముందు నిలబడి అన్నది ఆ రోజే. తిప్పక్కకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిల్లను మాత్రం వదల్లేదు.

"నేను దిగలేదు మల్లక్కా. నిజమే. భయమేసి దిగలేదు. ముగ్గురు దిగినారు, ముగ్గురూ పోయినారు. నేనూ దిగింటే నలుగురమయ్యేవాళ్ళం. దీపం బతకని తావులో బిడ్డెట్ల బతుకుతుంది? నువ్వే చెప్పు."

మల్లక్క చంకలో పిల్లాణ్ణి సర్దుకుంది.

వన్నూరప్పకు మాత్రం పౌరుషం పొడుచుకొచ్చింది. ఒక ఆడది, అందులోనూ పిరికిది, ఊరి కట్టుబాటు తప్పించిందని రేపు నలుగురూ చెప్పుకోరూ? తలగుడ్డ విప్పి నేలకు కొట్టాడు.

"నేను దిగుతా. తిని ఎన్నాళ్ళయిందో, నేనూ తేలిగ్గానే ఉండాను."

"మోకు కట్టుకో పెద్దన్నా" అంది తిప్పక్క. "నీ కాళ్ళు పట్టుకుంటా, చంకల కింద కట్టుకో."

"కట్టు, కట్టు. నీ భయానికి మందు ల్యాదు."

ఆమే కట్టింది. మూడు ముళ్ళు వేసింది. ఒకటి ఊడితే ఇంకొకటి ఉంటుందని.

ఆయన దిగాడు. మొదటి గుంత, రెండో గుంత, మూడో గుంత. తల నేలకు కిందయింది.

"మామా!" అని పిలిచింది మల్లక్క.

"ఆఁ!"

"మామా!"

ఏదో మూలుగు. తిప్పక్కకు ఆ మూలుగు తెలుసు.

"మామా!"

దభీమని లోపల చప్పుడైంది. మోకు ఒక్కసారి బిగుసుకుని, పట్టుకున్న నలుగురినీ అంచు దాకా ఈడ్చింది. మల్లక్క చంటిపిల్లాణ్ణి కింద పెట్టేసి బెజ్జం వైపు ఉరికింది. తిప్పక్క పాకుతూ వెళ్ళి ఆమె కాళ్ళు రెండూ పట్టేసింది.

"ఇడ్సు పెద్దమ్మా! మామ పోతాండాడు!"

"దిగొద్దు! ఎవురూ దిగొద్దు! లాగండి! మోకు పట్టి లాగండి!"

ఆమె గొంతు అంత గట్టిగా ఊరు ఎప్పుడూ వినలేదు. భయంతో అరిచిన అరుపు అది. ముసలివాళ్ళు లాగారు. బాలింతలు లాగారు. సుంకి లాగింది, పిల్లలంతా సుంకి నడుం పట్టుకుని లాగారు. మల్లక్క కూడా వెనక్కి తిరిగి మోకు పట్టుకుంది. మోకులో ఒక పోగు తెగింది. ఇంకో పోగు తెగింది. మూడో పోగు తెగేలోపు వన్నూరప్ప తల పైకి వచ్చింది.

మొహం నేరేడుపండు రంగులో ఉంది. నోట్లో నురగ. తీసుకెళ్ళి వేపచెట్టు కింద పడుకోబెట్టి, మొహాన నీళ్ళు కొట్టి, చేటలతో విసిరారు. చాలాసేపు ఏమీ లేదు. మల్లక్క గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు ఆయన రొమ్ము ఒక్కసారి ఎగిరింది. దగ్గు వచ్చింది. దగ్గి దగ్గి కళ్ళు తెరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకే ఒక్కరి కోసం వెతికాడు.

"తిప్పక్కా" అన్నాడు. "దీపం దింపు."

ఇక్కడ కొందరు కథ మార్చేస్తారు. ఆ దెబ్బతో తిప్పక్కకు ధైర్యం వచ్చేసిందని, కొంగు బిగించి ఊరిని నడిపించిందని చెప్తారు. అలా చెప్పేవాళ్ళ ఇంట్లో మజ్జిగ కూడా తాగకండి. ఆమెకు ధైర్యమూ రాలేదు, ఏమీ రాలేదు. పళ్ళు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆమె తన గుమ్మి సంగతి చెప్పింది, అంతే. తెరిచిపెట్టాలి. ఆగాలి. లోపలి గాలి పోవాలి.

"ఎంతసేపు?" అన్నారు.

"తెల్దు."

"గింజతల్లి లేచిపోతే?"

"తెల్దు. నాకూ భయంగానే ఉండాది."

ఊరికే కూర్చుంటే పదును ఆరిపోతుంది. అందుకని వేపమండలు విరిచి పెద్ద మోపు కట్టారు. దాన్ని తాడుతో పాతరలోకి దింపి, పైకి లాగి, మళ్ళీ దింపి, బావిలో నీళ్ళు చేదినట్టు గాలిని చేదారు. ఒకరు అలసిపోతే ఇంకొకరు. ఆడవాళ్ళు బెజ్జం చుట్టూ కూర్చుని చేటలతో విసిరారు. ఎండ నడినెత్తికి వచ్చింది. నేల మీద తడి ఆరుతూ ఉండటం అందరికీ కనబడుతూనే ఉంది. పాతర తెరిచి అంతసేపు ఉంచడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. గింజతల్లి ఎప్పుడు లేచి వెళ్ళిపోతుందోనని ముసలివాళ్ళు బెజ్జం వంక భయంభయంగా చూస్తున్నారు.

తిప్పక్క దీపం దింపింది. ఇద్దరు మనుషుల లోతు పోయి ఆరింది.

మళ్ళీ చేదారు. మళ్ళీ దింపింది. ఇంకొంచెం కిందికి పోయి ఆరింది. ప్రమిదలో ఆముదం అడుగంటింది.

మళ్ళీ చేదారు. పొద్దు పడమటికి తిరిగింది. మూడోసారి దింపింది. మనిషి లోతు పోయింది. ఇద్దరు మనుషుల లోతు పోయింది. ప్రమిద గింజలకు తగిలి ఆగింది. వెలుగుతూనే ఉంది. పైనుంచి వంగి చూసినవాళ్ళకు దీపం చుట్టూ జొన్నలు తెల్లగా కనిపించాయి. ఆ ఊళ్ళో పాతర లోపలిని పై నుంచి చూసినవాళ్ళు అంతకుముందు లేరు.

"ఇప్పుడు దిగుతా అవ్వా" అంది సుంకి.

తిప్పక్క దాని నడుముకు మూడు ముళ్ళు వేసింది. తెగిన చోట మోకును తన చీర చెంగు చింపి కట్టింది. పిల్ల దిగింది. తిప్పక్క బెజ్జం పక్కన నిలబడింది. నలభై ఏళ్ళ కిందట నిలబడిన చోటే.

"సుంకీ!"

"ఆఁ అవ్వా!"

బుట్ట దిగింది. నిండి పైకి వచ్చింది.

"సుంకీ!"

"ఆఁ!"

ఇంకో బుట్ట దిగింది.

"సుంకీ!"

జవాబు లేదు.

"సుంకీ!"

లేదు. ఏమీ ఆలోచించకుండానే తిప్పక్క కాలు మొదటి గుంతలోకి వెళ్ళింది. ఈసారి దిగిపోయేదే. కానీ దిగే ముందు కిందికి చూసింది. దీపం వెలుగుతోంది. నిటారుగా, పచ్చగా వెలుగుతోంది. దీపం ఉంటే బిడ్డ ఉంటుంది. ఆమె కాలు అలాగే ఉంచి, దీపాన్నే చూస్తూ, కదలకుండా నిలబడింది. దూకడం కంటే అలా నిలబడటం ఎంత కష్టమో, బిడ్డను కన్నవాళ్ళను అడగండి.

లోపలి నుంచి చిన్న దగ్గు వినబడింది. తర్వాత మాట వచ్చింది. నోటి నిండా ఏదో కుక్కుకున్న మాట.

"ఆఁ... అవ్వా... ఉండాను!"

దొంగముండ విత్తనాలు నములుతోంది. మూడేళ్ళ ఆకలి, చేతికి అందేటంత దూరంలో జొన్నలు, ఏం చేస్తుంది మరి! తిప్పక్క నేల మీద కూర్చుని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. ఒక గుప్పెడు విత్తనం తిన్నందుకు సుంకిని ఆ రోజు ఎవరూ తిట్టలేదు.

మూడు రోజుల్లో విత్తనం పడింది. మనుషులే గొర్రు లాగారు. పదును అందింది. వెనక ఇంకో వాన వచ్చింది, దాని వెనక ఇంకొకటి వచ్చింది. జొన్న మనిషెత్తు లేచింది. నల్లమల వెళ్ళినవాళ్ళు ఎద్దులతో తిరిగొచ్చారు. మల్లక్క చంటిపిల్లాడు కంకులు తిని బుగ్గలు పెంచాడు. వన్నూరప్ప మొదటి కంకుల గంప తన నెత్తిన పెట్టుకుని తిప్పక్క ఇంటికి మోసుకెళ్ళాడు. ఏదో చెప్పాలనుకున్నాడు. పెద్దకాపులకు అలాంటి మాటలు తొందరగా రావు. గంప దింపి, గడప దగ్గర కాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు.

తిప్పక్క తర్వాత చాలా ఏళ్ళు బతికింది. చివరి దాకా ఉరుమంటే భయమే, కుక్కంటే భయమే, పొట్టేలంటే భయమే. సుంకి పెళ్ళిలో బాజాలు మోగితే గుంజ వెనక దాక్కుంది. చివరికి ఒక పగటిపూట, మంచం పక్కన దీపం పెట్టించుకుని, సుంకి చెయ్యి పట్టుకుని కన్నుమూసింది.

ఆ మరుసటి ఏడు పాతర తెరిచారు. బండ తీశారు, గాలి చేదారు, దీపం వెలిగించారు. దింపబోతూ అలవాటు కొద్దీ అందరూ వెనక్కి తిరిగి చూశారు. తాడు పట్టుకోవడానికి ఆమె లేదు. ఎవరికీ చెయ్యి రాలేదు. అప్పుడు ముసలి వన్నూరప్ప కర్ర పోటేసుకుంటూ ముందుకొచ్చి, ఉట్టి అందుకుని, దీపంతో మాట్లాడాడు.

"తిప్పక్కా, నువ్వు ముందు దిగమ్మా. నువ్వు ఉంటేనే మేమొస్తాం."

అప్పటి నుంచీ అదే వాడుక. ఆ ఊళ్ళో పాతర తెరిచినా, పాత బావిలో పూడిక తీయబోయినా, ఏళ్ళుగా మూసిన కొట్టం తలుపు తీసినా, ముందు ఉట్టిలో దీపం దింపుతారు. దాన్ని దీపం అనరు. తిప్పక్క అంటారు. మొగుడి కోసం దిగలేదని నలభై ఏళ్ళు అనిపించుకున్న మనిషి ఇప్పుడు ఆ ఊరి ప్రతి చీకట్లోకీ అందరికంటే ముందు దిగుతోంది. చుట్టూ నిలబడినవాళ్ళు తాడు పట్టుకున్న మనిషిని అడుగుతారు.

"తిప్పక్క దిగిందా?"

"దిగింది."

"ఉందా?"

"ఉంది."

అప్పుడు గానీ మనిషి దిగడు. ఒకవేళ దీపం ఆరిపోతే ఎవరూ తొందరపెట్టరు. "తిప్పక్కకు భయమయితాంది, ఉండండి" అంటారు. ఎంత మొనగాడైనా తలగుడ్డ తీసి నేల మీద పరుచుకుని కూర్చుంటాడు. ఎవరూ నవ్వరు.